వినపడని మనిషికి ఫోన్ కలిపేది ఎవరు?

న్యూఢిల్లీ సంచార్ భవన్‌లోని కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ కార్యదర్శి గారికి, శాఖ ఉన్నతాధికారులందరికీ,



"ఇంట్ల వినపడేటోళ్లు ఎవరన్న ఉంటే వాళ్లతోని ఫోన్ చేయించున్రి." నాగర్‌కర్నూల్‌లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ సేవా కేంద్రంలో, పుట్టుకతోనే వినికిడి, మాట లేని ఒక యువకుడికి దొరికిన జవాబు ఇది. ఆ జవాబు కూడా అతనికి చెప్పలేదు, అతని వెంట వెళ్లిన నాకు చెప్పారు. అతని సిమ్ ఆగిపోయింది. మళ్లీ పనిచేయాలంటే కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి పేరు, పుట్టిన తేదీ నోటితో చెప్పాలన్నారు. మనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు. చేతిలో ఆధార్ కార్డు ఉంది, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది. అయినా అతను అతనేనని నమ్మడానికి వాళ్లకు ఒక గొంతు కావాలి. చివరికి నా గొంతు సరిపోయింది. అతని పేరు నేను చెప్పాను, అతని పుట్టిన తేదీ నేను చెప్పాను, అవతలివాళ్లు ఒప్పుకున్నారు. నా స్థానంలో అతని వివరాలు తెలిసిన మోసగాడు ఎవడైనా ఉండి ఉంటే?

ఆ కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమె తనకు నేర్పిందే చెప్పింది. అలా నేర్పిన కంపెనీకి లైసెన్సు ఇచ్చింది మీరు. ఆ లైసెన్సులో ఏ షరతులు ఉండాలో తేల్చేదీ మీరే. వినపడనివాళ్ల ఫోన్ అవసరాలు ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న ధోరణి ఆ కౌంటర్ దగ్గర పుట్టలేదు. అది పైనుంచి దిగివచ్చింది. ఆ ధోరణిని ఒప్పుకోలేకనే మీకు నేరుగా రాస్తున్నాను.

ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారని మీకు ఎవరు చెప్పారు? మాది పాలమూరు. 2016 అక్టోబర్ 11న నాగర్‌కర్నూల్ విడి జిల్లా అయింది గానీ, ఉమ్మడి మహబూబ్‌నగర్ నాటి వలస మాతోనే వచ్చింది. ఆనకట్ట కడుతున్నా, కాలువ తవ్వుతున్నా దేశంలో ఎక్కడైనా వినిపించిన పేరు 'పాలమూరు లేబర్'. ఇవాళ్టికీ అచ్చంపేట, బల్మూరు, అమ్రాబాద్ మండలాల తండాల నుంచి పనిచేసే చేతులు హైదరాబాద్‌కో, ముంబైకో, పుణేకో వెళుతూనే ఉన్నాయి. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, బడి పిల్లలు, పనిలోకి తీసుకోరని వదిలిపెట్టినవాళ్లు. వయసు మీదపడి చెవులు మందగించిన తల్లి, పుట్టు చెవుడున్న కూతురు ఒకే కప్పు కింద ఉన్న ఇళ్లు మాకు కొత్త కాదు. పెద్దకొడుకు పుణే నుంచి చేసిన ఫోన్ ఆ ఇంట్లో మోగితే ఎత్తేది ఎవరు? ఆ తల్లి గుండె పట్టుకుని కూలబడితే, 'వినపడేవాళ్లతో చేయించండి' అన్న మీ వ్యవస్థ ఆ కూతురిని అర్ధరాత్రి ఎవరి తలుపు కొట్టమంటుంది?

ఇంట్లో వినపడేవాళ్లు ఉన్నారనే అనుకుందాం. అప్పుడు సమస్య ఇంకా జటిలమవుతుంది. మొగుడు కొడుతున్నాడని మహిళల సహాయ నంబర్ 181కి చెప్పుకోవాలనుకున్న మూగ ఇల్లాలు ఆ ఫోన్ ఎవరితో చేయించాలి? ఆ మొగుడితోనా, అత్తతోనా? చేయూత పింఛన్ డబ్బులు ఖాతాలోంచి ఎవరు తీశారో బ్యాంకును అడగాల్సినవాడు, తీసిన మనిషినే తోడు తీసుకుని అడగాలా? డాక్టర్‌కు మాత్రమే చెప్పుకోవాల్సిన జబ్బు గురించి ఒక ఆడపిల్ల అన్నతోనో, తండ్రితోనో ఎలా అడిగిస్తుంది? ఫోన్ అంటే ఇద్దరి మధ్య జరిగే మాట. అందులో మూడో మనిషి తప్పనిసరి అయినచోట ఆ మూడో మనిషి చుట్టం కాకూడదు. విన్నది బయటపెట్టకూడదన్న నియమానికి కట్టుబడి, జీతం తీసుకుని పనిచేసే ఉద్యోగి అయి ఉండాలి. నేను మిమ్మల్ని అడగబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంది.

ప్రజలకు చేరువ కావాలంటే మన ప్రభుత్వాలు ముందు చేసే పని ఒక నంబర్ ప్రకటించడం. ఏ ఆపదకైనా 112, పోలీసులకు 100, అంబులెన్స్‌కు 108, పిల్లలకు 1098, కరెంటు పోతే 1912, సైబర్ దొంగలు ఖాతా ఊడ్చేస్తే 1930, మనసు కుంగిపోతే 14416. మా కలెక్టరేట్ గోడల మీద, బస్టాండ్లలో, ఆసుపత్రి గేట్ల దగ్గర ఈ నంబర్లు కనిపిస్తాయి. ఒక్కో నంబర్ వెనుక మంచి ఉద్దేశమే ఉంది, నేను కాదనను. కానీ వీటిలో దేనికి ఫోన్ చేసినా ముందు వినాలి, తర్వాత మాట్లాడాలి. 1930 విషయంలో ఒక గంట ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుందని, వెంటనే ఫోన్ చేయమని ప్రచారం చేసేది ప్రభుత్వమే కదా. ఫోన్ చేయలేని మనిషి ఆ గంటసేపు ఏం చేయాలి?

108 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ సేవ తర్వాత ఎన్నో రాష్ట్రాలకు నమూనా అయింది. దాన్ని చూసి గర్వపడేవాళ్లలో నేనూ ఒకణ్ని. అది ఎలా పనిచేస్తుందో మా పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఫోన్ ఎత్తినవాళ్లు ఏ మండలం, ఏ ఊరు, ఎవరికి ఏమైంది, వయసెంత అని అడుగుతారు. బండి బయలుదేరుతుంది. అసలు అవసరమైన ఫోన్ ఆ తర్వాత వస్తుంది. బండి నడిపే పైలట్ దారిలోంచి చేస్తాడు. "తండాకు ఏ తొవ్వ? వాటర్ ట్యాంక్ దాటినంక కుడికా, ఎడమకా? రోడ్డు మీదికి ఎవరన్న వచ్చి నిలబడతరా?" లింగాల, పదర మండలాల్లో రాత్రి పూట ఇల్లు చూపించేది ఆ ఫోనే. ఒక బధిర స్త్రీ ఎలాగో పక్కింటి పిల్లాడిని లేపి మొదటి ఫోన్ చేయించిందనుకోండి. పిల్లాడు వెళ్లి పడుకున్నాక, పైలట్ ఫోన్ ఆమె చేతిలో వణుకుతూ ఉంటుంది. తెర మీద తెలియని నంబర్ వెలుగుతుంది. ఎత్తితే వినపడదు, ఎత్తకపోతే బండి రాదు. ఆ పైలట్ దగ్గర 'మీ ఇంటి దగ్గర గుర్తు ఏముంది?' అని తెలుగులో ఒక మెసేజ్ పంపి జవాబు అందుకునే ఏర్పాటు ఉంటే చాలు, బండి గుమ్మం ముందు ఆగుతుంది. ఇది సాధ్యం కాని పనా? ఎవరూ అడగని పనా? చేయమని ఎవరూ ఆదేశించని పనా?

అందుకే ప్యానిక్ బటన్ పెట్టాం కదా అని మీరు అనవచ్చు. నిజమే. 2017 జనవరి నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో ఆ ఏర్పాటు ఉండాలని మీరే నియమం పెట్టారు. మామూలు కీప్యాడ్ ఫోన్‌లో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకుంటే 112కు కాల్ వెళుతుంది. కాల్ వెళ్లాక? అవతల ఉన్న మనిషి "హలో, చెప్పండి" అంటాడు. ఇవతల నుంచి ఏమీ రాదు. జేబులో పొరపాటున బటన్ పడి వెళ్లే కాల్స్ కూడా అలాగే నిశ్శబ్దంగా ఉంటాయి. ఈ రెండింటికీ తేడా తెలుసుకునే పద్ధతి మీ కంట్రోల్ రూమ్ సిబ్బందికి నేర్పారా? కాల్ నిశ్శబ్దంగా ఉంటే వెంటనే ఆ నంబర్‌కు తెలుగులో మెసేజ్ వెళ్లి, 'పోలీసులకు 1, అంబులెన్స్‌కు 2, మంటలకు 3' అని అడిగే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

మీ శాఖకు తలచుకుంటే చేతకానిది లేదు. 2023లో మీరూ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థా కలిసి మొబైల్ టవర్ల ద్వారా అత్యవసర హెచ్చరికలు పంపి చూశారు. ఆ రోజు దేశంలో ఎన్నో ఫోన్లు ఒక్కసారి గట్టిగా మోగాయి, వణికాయి, తెర మీద అక్షరాలు వచ్చాయి. చెవిటివాడి చేతిలోని ఫోన్ కూడా వణికింది, అతనూ చదివాడు. తుపాను వస్తోందని, వాగు పొంగుతోందని మీరు అతనికి చెప్పగలరు. నీళ్లు ఇంట్లోకి వచ్చాయని అతను మీకు చెప్పగలగాలి కదా?

వాట్సాప్ ఉంది కదా, వీడియో కాల్ చేసుకుంటున్నారు కదా అన్న మాట తరచూ వింటుంటాను. చదువుకున్నవాళ్లే అంటారు. నిజమే, వీడియో కాల్ వచ్చాక బధిరుల జీవితం మారింది. కల్వకుర్తిలో ఉన్నవాడు సికింద్రాబాద్‌లో ఉన్న స్నేహితుడితో చేతులతో గంటసేపు ముచ్చట పెట్టుకోగలుగుతున్నాడు. కానీ అది ఇద్దరు బధిరుల మధ్య, ఇద్దరికీ సైగ భాష వచ్చినప్పుడు జరిగే మాట. విద్యుత్ కార్యాలయానికి సైగ భాష వచ్చా? బ్యాంకుకు వచ్చా? పార్సిల్ తెచ్చిన కుర్రాడు గేటు ముందు నిలబడి వీడియో కాల్ చేస్తాడా? ఫోన్ చేసి, ఎత్తలేదని రాసుకుని, పార్సిల్ వెనక్కి తీసుకుపోతాడు. పైగా మన్ననూరు దాటి శ్రీశైలం దారి పట్టండి. నల్లమలలోకి వెళ్లేకొద్దీ వీడియో మాట అటుంచి, మామూలు మాటకే సిగ్నల్ నిలవదు. లోపలి చెంచుల ఆవాసాలైన పెంటల్లో వినికిడి లేని మనిషి ఉంటే, అతనికి వీడియో కాల్ అన్న సలహా ఏ విధంగా సాయం?

నేను అడుగుతున్నది గాలిలో మేడ కాదు. దాన్ని రిలే సేవ అంటారు. పని చాలా సులువుగా అర్థమవుతుంది. బిజినేపల్లిలో ఒక బధిర యువతి వీధిలో కరెంటు లేదనుకోండి. ఆమె ఫోన్‌లో రిలే నంబర్‌కు ఇలా రాస్తుంది: 'రాత్రి నుంచి కరెంటు లేదు. స్తంభం దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయి.' రిలే కేంద్రంలో కూర్చున్న ఉద్యోగి 1912కు కలిపి, ఆ మాటలను ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తుంది. అవతల నుంచి "సర్వీస్ నంబర్ చెప్పండమ్మా" అంటే ఆ మాట అక్షరాలై ఆమె తెర మీదికి వస్తుంది. ఆమె నంబర్ రాస్తుంది, ఉద్యోగి చదువుతుంది. "లైన్‌మన్ వస్తడు. తీగ తెగి పడితే దగ్గరికి ఎవ్వరూ పోకున్రి." ఈ ఆఖరి మాట ఉంది చూశారా, అది ఒక ప్రాణం ఖరీదు. సైగ భాష వచ్చినవాళ్లకు ఇదే పని వీడియోలో జరుగుతుంది. రాత చోట సైగ, ఉద్యోగి చోట అనువాదకుడు. ఉద్యోగి సొంత మాట కలపకూడదు, ఒక్క మాట తీసేయకూడదు, విన్నది బయటపెట్టకూడదు. అదనపు చార్జీ ఉండదు. వినపడేవాళ్లు కూడా అదే దారిలో బధిరుడికి ఫోన్ చేయవచ్చు. పుణేలోని ఆ పెద్దకొడుకు తల్లితో, చెల్లెలితో మాట్లాడుకోగలిగేది అలాగే.

అమెరికాలో 1964లోనే రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే బధిర భౌతిక శాస్త్రవేత్త టెలిఫోన్ తీగ మీద అక్షరాలు పంపే పరికరాన్ని తయారు చేశాడు. కంపెనీల దయ మీద అది ఎంత దూరం వెళుతుందో చూసి చూసి, 1990లో ఆ దేశం వికలాంగుల హక్కుల చట్టంలోనే రిలే సేవను రాసింది. 1993 జూలై 26 నాటికి ప్రతి టెలిఫోన్ కంపెనీ దాన్ని అందించాలన్నది. తర్వాత 711 అనే మూడంకెలతో దేశంలో ఎక్కడినుంచైనా ఆ సేవ అందేలా చేసింది. జపాన్ 2020లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసుకుని, 2021 జూలై 1 నుంచి ప్రజా సేవా వ్యవస్థగా రాత్రింబగళ్లు నడుపుతోంది. పోలీసు, అగ్నిమాపక నంబర్లు కూడా అందులో కలుస్తాయి. దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో గమనించండి. బధిరులు కాదు. దేశంలోని ప్రతి ఫోన్ నంబర్ మీద నెలకు సుమారు ఒక యెన్ చొప్పున పడుతుంది. మన లెక్కలో రూపాయి కంటే తక్కువ. ఫోన్ అందరిదీ కాబట్టి, దాన్ని అందరికీ చేర్చే ఖర్చూ అందరిదీ అని వాళ్లు నిర్ణయించుకున్నారు.

మన దగ్గర డబ్బు లేదంటారా? టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం ఏటేటా మీ దగ్గరికి వస్తోంది. మొన్నటిదాకా దాన్ని సార్వత్రిక సేవా నిధి అన్నారు, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. 2024 ఆగస్టు 30న మీరు ఆ నిధికి రాసుకున్న నియమాల్లో, సేవలు సరిగా అందని వర్గాలుగా మహిళలనూ, వికలాంగులనూ, బలహీన వర్గాలనూ పేర్కొన్నారు. ఆ అక్షరాలు మీవే. వాటిని నమ్మి అడుగుతున్నాను. మారుమూల గ్రామాలకు టవర్లు వేయడానికి 2022లో ఇరవై ఆరు వేల కోట్ల రూపాయల పథకం ఆమోదించారు. మంచి పని, మా నల్లమలకూ కావలసిన పని. అయితే టవర్ వచ్చిన ఊళ్లో కూడా ఫోన్ చేయలేనివాళ్లు మిగిలే ఉంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి వైకల్యం ఉన్నవాళ్లు 50 లక్షల పైచిలుకు, మాట వైకల్యం ఉన్నవాళ్లు దాదాపు 20 లక్షలు. వాళ్ల కోసం ఆ నిధిలోంచి ఎంత కేటాయించారో దేశానికి చెప్పండి.

మీ శాఖ లెక్కలో వీళ్లు లేరని నేను ఊరికే అనడం లేదు. అనవసరపు వ్యాపార మెసేజ్‌లను ఆపడానికి 2011 సెప్టెంబర్ 27 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సిమ్‌కు రోజుకు 100 ఎస్సెమ్మెస్‌ల పరిమితి పెట్టింది, కొద్ది వారాలకు దాన్ని 200 చేసింది. 2012 ఆగస్టులో వదంతుల భయంతో ప్రభుత్వం కొన్నాళ్లపాటు రోజుకు ఐదు మెసేజ్‌లే పంపాలన్నది. మిగతా దేశానికి అది చిన్న ఇబ్బంది. 'ఎక్కడున్నావు', 'బస్సెక్కావా', 'డాక్టర్ ఏమన్నాడు' అని ప్రతి మాటనూ మెసేజ్‌గా రాసుకునేవాడికి రోజుకు ఐదు మాటలు! వినపడే మనిషికి రోజుకు ఐదు వాక్యాలే మాట్లాడాలని ఆదేశం పంపే ధైర్యం ఏ ప్రభుత్వానికైనా ఉంటుందా? ఆ ఆదేశాలు రాసిన బల్ల దగ్గర ఒక్క బధిరుడు కూర్చుని ఉన్నా ఆ మాట అక్కడే చెప్పేవాడు.

ఇటీవలి సంగతి కూడా చూడండి. డేటా వాడని పెద్దవాళ్ల చేత దాని డబ్బు కట్టించడం అన్యాయమని, కేవలం మాటలు, ఎస్సెమ్మెస్‌లతో ఒక ప్యాక్ తప్పనిసరిగా ఉంచాలని 2024 డిసెంబర్ 23న ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. చాలా సరైన ఆదేశం. మా ఊళ్లో అవ్వలకు, తాతలకు అది అవసరమే. అదే న్యాయం తిరగేసి చూడండి. ఒక్క నిమిషం కూడా మాట్లాడని మనిషి ప్రతి నెలా 'అన్‌లిమిటెడ్ కాల్స్'కు డబ్బు కడుతున్నాడు. అతనికి మాటలు లేకుండా డేటా, మెసేజ్‌లతో, సిమ్ గడువు నిలబెట్టే చౌక ప్యాక్ ఏదీ? వాడని సేవకు డబ్బు తీసుకోవడం ఒకరి విషయంలో అన్యాయమైతే, ఇంకొకరి విషయంలో ఎట్లా న్యాయమవుతుంది?

చట్టం లేదని మాత్రం మీరు అనలేరు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను 2007 అక్టోబర్ 1న మన దేశం ఆమోదించింది. దాని వెలుగులోనే వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ సంస్థ అయినా, ప్రైవేటు సంస్థ అయినా, సేవలందించేవాళ్లు నియమాలు వచ్చిన రెండేళ్లలో వాటిని వికలాంగులకు అందుబాటులోకి తేవాలని 46వ సెక్షన్ చెప్పింది. నియమాలు 2017 జూన్ 15న వచ్చాయి. రెండేళ్లు 2019లోనే నిండాయి. సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికతను వికలాంగులకు అందుబాటులోకి తేవడంపై ట్రాయ్ 2018 జూలై 9న సిఫారసులు చేసింది. ఆ తర్వాత 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను సలహాల్లా వదిలేసిన 15వ నియమం చట్టానికే విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించడానికి మూడు నెలల గడువు ఇచ్చింది. ఆ మూడు నెలలు ఏనాడో దాటాయి. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే న్యాయస్థానం, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఇంతకంటే పైన ఇంకెవరు చెప్పాలి మీకు?

బధిరుల గురించే మాట్లాడుతూ, వినపడి కూడా మాట్లాడలేనివాళ్లను మరిచిపోతారేమోనని నా భయం. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లు, గొంతు క్యాన్సర్‌కు స్వరపేటిక తీసేయించుకున్నవాళ్లు మా జిల్లాలోనూ ఉన్నారు. గొంతు పోగొట్టుకున్నవాళ్లనూ, మెదడు దెబ్బతిని మాట పోగొట్టుకున్నవాళ్లనూ 2016 చట్టం తన షెడ్యూల్లోనే లెక్కలోకి తీసుకుంది. వాళ్లకు అవతలి మాట వినపడుతుంది. ముద్దగా వచ్చే వాళ్ల మాటే అవతలివాళ్లకు అర్థం కాదు, తాగి మాట్లాడుతున్నాడనుకుని ఫోన్ పెట్టేస్తారు. అలాంటి ఉచ్చారణను ఓపికగా విని తిరిగి స్పష్టంగా చెప్పే శిక్షణ పొందిన సిబ్బందితో కూడా రిలే నడుస్తుంది. అమెరికాలో 2001 నుంచి అది తప్పనిసరి.

ఎస్‌టీడీ బూత్‌ల కాలం మీకు గుర్తుండే ఉంటుంది. పసుపు రంగు బోర్డులు ప్రతి బస్టాండ్‌లో వెలిసిన ఆ రోజుల్లో, బూత్‌ల కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఇచ్చిన శాఖ మీదే. ఎన్నో కుటుంబాలు ఆ చిన్న గదుల మీద బతికాయి, పిల్లలను చదివించుకున్నాయి. ఆ మేలు ఎవరూ మరవరు. అప్పుడు వికలాంగుడిని బూత్ నడిపే మనిషిగా గుర్తించారు. ఇప్పుడు ఫోన్ చేసే మనిషిగా గుర్తించమని అడుగుతున్నాను.

రిలే కేంద్రాన్ని మా ప్రాంతం నుంచే మొదలుపెట్టండి. ఢిల్లీలో ఒకే ఒక కేంద్రం పెట్టి దేశమంతటికీ సరిపోతుందనుకుంటే పొరపాటు. మా పల్లెల్లో బధిరులు చాలామంది బడిలో సైగ భాష నేర్చుకున్నవాళ్లు కాదు. ఇంట్లో అమ్మతో, పొలంలో తోటివాళ్లతో పుట్టించుకున్న సైగలే వాళ్ల భాష. వడ్డీ, పట్టా, పాసుపుస్తకం, యూరియా సంచి, ఇవన్నీ ఆ సైగల్లో ఉంటాయి. తెలుగు వచ్చిన, పల్లె వ్యవహారం తెలిసిన సిబ్బంది కావాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట వైకల్యాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. సైగ భాష అనువాదకులకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు అక్కడినుంచే చేయవచ్చు. చదువుకుని ఖాళీగా ఉన్న మా జిల్లా యువకులకు అది గౌరవమైన ఉద్యోగం అవుతుంది. సైగ నేర్పడానికీ, సేవ ఎలా ఉందో పరీక్షించడానికీ బధిరులనే నియమించండి. వాళ్లను అడగకుండా వాళ్ల కోసం ఏదీ కట్టకండి.

రిలే కేంద్రం లేచేలోపు ఆగనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి. 112కు, 108కి తెలుగులో రాసిన మెసేజ్ చేరాలి, జవాబు కూడా మెసేజ్‌గానే రావాలి. ఒకసారి తన వైకల్యాన్ని నమోదు చేసుకున్న నంబర్ నుంచి కాల్ వస్తే కంట్రోల్ రూమ్ తెర మీద 'ఈ మనిషికి వినపడదు, మెసేజ్ పంపండి' అని కనిపించాలి. అంబులెన్స్ పైలట్‌కూ అదే సమాచారం అందాలి. సదరం సర్టిఫికెట్ చూపించినవాడిని ఏ ఫోన్ కంపెనీ సేవా కేంద్రమైనా గొంతు అడగకుండా కౌంటర్ దగ్గరే గుర్తించి పని పూర్తిచేయాలి. కాల్స్ అక్కర్లేనివాళ్లకు డేటా, మెసేజ్‌ల ప్యాక్ ఇవ్వాలి. ఇవన్నీ లైసెన్సు షరతులుగా, పాటించకపోతే జరిమానాతో రావాలి. మళ్లీ మార్గదర్శకాలు, సలహాలు అంటూ రాస్తే సుప్రీంకోర్టు కొట్టేసిన చోటికే తిరిగి వెళతాం.

ఫోన్ ప్రాణావసరమని ఈ దేశానికి నేర్పింది మీరు. రేషన్ కార్డుకు, బ్యాంకు ఖాతాకు, గ్యాస్ బండకు, పిల్లల ఫీజులకు నంబర్ అడిగేది ప్రభుత్వమే. నంబర్ లేనివాడికి దాదాపు ఏ సేవా అందని స్థితికి వచ్చాం. అలాంటప్పుడు నంబర్ ఉండీ మాట్లాడలేని, వినలేని మనిషిని పక్కింటివాళ్లకు అప్పగించి చేతులు దులుపుకోవడం మీకు తగదు.

ఈ లేఖ చదివే తోటి పౌరులకు కూడా ఒక మనవి. ప్రతి సోమవారం కలెక్టరేట్లలో ప్రజావాణి జరుగుతుంది. మీ ఇంట్లో, మీ వీధిలో వినికిడి, మాట లేనివాళ్లు ఉంటే వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, 112, 108 వాళ్లకు అందేలా చేయమని రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. రసీదు తీసుకోండి.

కార్యదర్శి గారూ, మాకు హామీ వద్దు, తేదీ కావాలి. రిలే సేవ ఏ రోజున మొదలవుతుందో, నాగర్‌కర్నూల్ జిల్లాలో ఏ రోజున అందుతుందో రాతలో ప్రకటించండి. బధిరులు కూడా చదువుకునేలా ఆ ప్రకటన తెలుగు అక్షరాల్లోనూ, సైగ భాష వీడియోలోనూ రెండు విధాలా ఇవ్వండి.

ఇట్లు,
నాగర్‌కర్నూల్ జిల్లా పౌరుడు